నీళ్ల జాతకం

అమెరికాలో జాతకం చూపించుకోవడానికి గుడిదాకా వెళ్లక్కర్లేదు. పెరట్లో స్విమ్మింగ్ పూల్ ఉంటే చాలు. ఒక సీసాడు నీళ్లు పట్టుకుని దగ్గర్లో ఏ పూల్ స్టోర్‌కి వెళ్లినా, కౌంటరు వెనక నిలబడ్డ కుర్రాడు వాటిని మిషన్లో పోసి కాసేపట్లో చక్రం వేసి చేతిలో పెడతాడు. పరీక్ష ఉచితం. సంభావన అడగడు. దోషం లేని జాతకం మాత్రం ఆ ప్రింటరులోంచి బయటికొచ్చిన దాఖలా లేదు. పీహెచ్ నీచంలో ఉంటుంది, ఆల్కలినిటీ వక్రించి ఉంటుంది, ఫాస్ఫేటు అష్టమంలో తిష్ఠ వేసి ఉంటుంది. శాంతికి కావలసిన సామగ్రి మొత్తం ఆ కుర్రాడి వీపు వెనక అరల్లోనే దొరకడం మన పూర్వజన్మ సుకృతం.

డాలస్ చుట్టుపక్కల ఫ్రిస్కో, ప్రాస్పర్ వైపు మనవాళ్ల పెరళ్లలో పూల్స్‌కి కొదవలేదు. పూల్ గల మనిషి తరచుగా సాఫ్ట్‌వేర్ మనిషే. ఆఫీసులో ఒక్క లైను కోడు మారాలంటే ముగ్గురు చూడాలని పట్టుబడతాడు. కూరగాయల కొట్లో బెండకాయ కొస విరిచిగాని సంచిలో వెయ్యడు. అదే మనిషి, వేసవి సెలవులకి పనిలో చేరిన కాలేజీ కుర్రాడు స్క్రీన్ చూసి చదివింది విని, డిక్కీ నిండా సీసాలు వేసుకుని వస్తాడు. "ఎందుకన్నా ఇన్ని?" అంటే, "టెస్ట్‌లో వచ్చింది కదా తమ్ముడూ" అంటాడు. సరుకు అమ్మేవాడే లోటు ఎంతుందో కూడా కొలిచి చెబుతుంటే ఆ కొలత మీద ఒక్క ప్రశ్న వెయ్యాలని అతనికి తోచదు.

కుర్రాడినేం అనడానికి లేదు. అంకె పడితే దాని ఎదుట సరుకు పేరు పడేలా ఆ ప్రోగ్రాం రాసి ఉంటుంది, చదవడం వరకే అతని పని. పైగా టెక్సస్ ఎండలో, కారు సీటు మీద కుతకుతలాడుతూ వచ్చిన నీళ్లవి. అందులోని క్లోరిన్ కొంత దారిలోనే ఆవిరైపోయి ఉంటుంది. ఒకే సీసాలోని నీళ్లు రెండు కొట్లలో చూపించండి, రెండు జాతకాలొస్తాయి. ఏ కొట్లో చూపించినా కొనాల్సినవి ఉండటం మాత్రం మారదు.

ఒక్కసారి ఆ కాగితాన్ని దగ్గరగా పట్టుకుని చూడండి. క్లోరిన్ 3 పీపీఎం, పక్కన ఆకుపచ్చ టిక్కు. స్టెబిలైజర్ 100కి పైన, ఎర్ర అక్షరాలు. ఆ ఎర్ర అక్షరాల ఎదుట మాత్రం ఏ సీసా పేరూ ఉండదు. ఎందుకుండదంటే దాన్ని నమ్మకంగా తగ్గించే సీసా లేదు, నీళ్లు తోడి కొత్తనీళ్లు పట్టడమొక్కటే దారి. కొట్టుకి లాభం లేని దోషం గనక జాతకంలో దాని గురించి ఎవరూ పెద్దగా మాట్లాడరు.

అసలు కథంతా ఆ వరసలోనే ఉంది. స్టెబిలైజర్ అన్నా, కండిషనర్ అన్నా, సైనూరిక్ యాసిడ్ అన్నా ఒకటే పదార్థం. అది బొత్తిగా లేకపోతే ఎర్రటి ఎండలో పూల్‌లోని క్లోరిన్ గంట తిరక్కుండానే సగం హరించుకుపోతుంది. కాబట్టి 30 నుంచి 50 దాకా ఉంటే మేలే. అయితే క్లోరిన్‌ని ఎండ బారి నుంచి కాపాడేది, నాచు బారి నుంచి మనల్ని కాపాడనివ్వకుండా కూడా పట్టి ఉంచుతుంది. అది ఎంత పెరిగితే క్లోరిన్ కూడా అంత పెరగాలి, స్థూలంగా అందులో నూటికి ఏడున్నర వంతు. 100 దగ్గర ఉన్నప్పుడు ఏడెనిమిది పీపీఎం క్లోరిన్ ఉంటేగాని నాచు ఆగదు. కాగితం మాత్రం 3కి టిక్కు పెట్టి పంపిస్తుంది. ఇంటికొచ్చి చూస్తే టిక్కు ఎంత ఆకుపచ్చగా ఉందో నీళ్లూ అంత ఆకుపచ్చగా ఉంటాయి.

ఇంతకీ ఆ 100 ఎక్కడినుంచి వచ్చింది? అదే కొట్లో, అదే కుర్రాడి సలహా మీద కొన్న బకెట్టులోంచి. మూడంగుళాల తెల్లటి బిళ్లలు, పేరు ట్రైక్లోర్. తేలేబుట్టలో నాలుగు పడేస్తే వారంపాటు చూసుకోనక్కర్లేదని చెప్పి అమ్ముతారు. ఆ బిళ్లలు నీళ్లలోకి 10 పీపీఎం క్లోరిన్ వదిలేసరికి, వెంట 6 పీపీఎం సైనూరిక్ యాసిడ్‌ని కూడా వదులుతాయి. క్లోరిన్ ఖర్చయిపోతుంది, ఇది పోదు. మండువేసవిలో రోజుకి 3 పీపీఎం క్లోరిన్ కావాలనుకోండి, నెల తిరిగేసరికి యాభైకి పైగా పేరుకుంటుంది. రెండు నెలలకి వంద. అప్పుడు నాచు పడుతుంది. నాచు పడితే 'షాక్' పొట్లాలిస్తారు. షాక్‌లో ఒక రకం కాల్షియం హైపోక్లోరైట్, వానాకాలంలో మన పంచాయతీలు బావుల్లో చల్లే బ్లీచింగ్ పౌడరుకి దగ్గర చుట్టం. ఇంకో రకం డైక్లోర్. దీనిలో 10 క్లోరిన్‌కి 9 సైనూరిక్ యాసిడ్, అంటే బిళ్లల కన్నా ఘనం. దేనివల్ల రోగం వచ్చిందో దానినే ఇంకాస్త ఎక్కువగా మింగించడమన్నమాట.

2020 ఆగస్టులో లారా తుఫాను నాడు లూసియానాలో, వెస్ట్‌లేక్‌లోని బయోలాబ్ వాళ్ల బిళ్లల కర్మాగారం తగలబడింది. మరుసటి వేసవికి ఈ బిళ్లలకి కరువొచ్చి ధర ఆకాశాన్నంటింది. బియ్యానికి నిలబడ్డట్టు జనం బకెట్లకోసం తిరిగారు. క్లోరిన్ ద్రవరూపంలో కూడా దొరుకుతుందనే సంగతి ఆ గాభరాలో ఎందరికి గుర్తొచ్చిందో!

బిళ్లలతో ఇంకో సుగుణం ఉంది. అవి బాగా ఆమ్లం, పడ్డకొద్దీ పీహెచ్‌నీ ఆల్కలినిటీనీ కిందికి లాగుతుంటాయి. కాగితం మీద ఇంకో రెండు ఎర్ర వరసలు, అరల్లోంచి ఇంకో రెండు డబ్బాలు. ఆ డబ్బా తిప్పి వెనక సన్నక్షరాలు చదివే ఓపిక ఉంటే కాస్త వినోదం కూడా దొరుకుతుంది. ఆల్కలినిటీ పెంచేదాంట్లో ఉన్నది సోడియం బైకార్బనేట్, మన బజ్జీల్లో వేసే వంటసోడా. పీహెచ్ పెంచేదాంట్లో ఉన్నది సోడియం కార్బనేట్, బట్టల సోడా. హార్డ్‌నెస్ పెంచేది కాల్షియం క్లోరైడ్, చలికాలంలో మెట్లమీద మంచు కరగడానికి చల్లేది. ఫ్లాక్ అని అమ్మేది చాలావరకు పటిక, మా అమ్మమ్మ గోదావరి వరదనీళ్ల బిందెలో తిప్పిన పటికే. అదే వంటసోడా సంచీ పూల్ బొమ్మ వేసుకునేసరికి మెట్టెక్కి కూర్చుంటుంది, ధర కూడా దాంతోపాటే ఎక్కుతుంది.

అయితే జాతకంలో అసలైన శని ఫాస్ఫేటు. మిగతావన్నీ పీపీఎంలో, అంటే పది లక్షల్లో ఒక వంతుగా కొలిచి రాస్తారు. ఫాస్ఫేటుని మాత్రం పీపీబీలో, వందకోట్లలో ఒక వంతుగా రాస్తారు. దాంతో 1 కాస్తా 1000 అవుతుంది. ఆల్కలినిటీ 80, కాల్షియం 250 అని చదువుకుంటూ వచ్చిన మనిషికి కిందవరసలో 1000 కనిపించగానే గుండె జారుతుంది. "నాచుకి తిండి సార్ అది" అంటాడు కుర్రాడు. నిజమే. కానీ క్లోరిన్ సరిపడా ఉన్న పూల్‌లో తినడానికి నాచు బతికుండాలి కదా. పైపెచ్చు, పైపులు తుప్పుపట్టకుండా చాలా ఊళ్లలో నీళ్ల శాఖవాళ్లే కుళాయి నీళ్లలో ఫాస్ఫేటు కలుపుతారు. ఇవాళ తీసేస్తే రేపు కుళాయి తిప్పగానే మళ్లీ వస్తుంది. ఆ తీసేసే మందు లాంథనం ఉప్పు. పోయగానే నీళ్లు కలిపిన సున్నంలా తెల్లబడతాయి. మన వాట్సాప్ గ్రూపులో ఎవరో ఒకరు, "కంగారుపడకండి అన్నా, అది పనిచేస్తున్నట్టే" అని ధైర్యం చెబుతారు. ఆ తెలుపు పోవడానికి క్లారిఫయర్ కొనాలి. అది మళ్లీ అదే కొట్లో.

రాగి కలిసిన నాచుమందు గురించి ఒక్క మాట. అది గోడలకి మరకలు పెడుతుంది, బంగారు రంగు జుట్టున్న పిల్లల జుట్టు ఆకుపచ్చగా మారుస్తుంది. నింద క్లోరిన్ మీద పడుతుంది.

ఇంట్లో పరీక్ష చేసుకోవడం బ్రహ్మవిద్యేం కాదు. చుక్కల కిట్ ఒకటి కొనుక్కోవాలి, రంగుకాగితాల పట్టీలు కాదు. చిన్న గాజుగొట్టంలో పది మిల్లీలీటర్ల నీళ్లు, చిటికెడు పొడి. క్లోరిన్ ఉంటే గులాబీరంగు దిగుతుంది. ఒక్కొక్క చుక్కా వేస్తూ కలుపుతుంటే ఏదో ఒక చుక్కకి రంగు మొత్తం మాయమైపోతుంది. చుక్కల్ని లెక్కపెట్టి సగం చేస్తే క్లోరిన్ ఎంతో తెలిసిపోతుంది. పదివేల గ్యాలన్ల పూల్‌లో పదిశాతం ద్రవ క్లోరిన్ గ్యాలన్ పోస్తే 10 పీపీఎం పెరుగుతుంది. ఇది ఇంజినీరుకి అర్థంకాని గుణకారం కాదు. సాయంత్రం ఎండ దిగాక రోజువారీ పోసుకోవడమే. వెనక సైనూరిక్ యాసిడ్ చేరదు. బద్ధకం వదలాలి, అంతే. ఆ బద్ధకం మీదనే కదా ఇన్ని అరలు నిలబడింది!

పూల్ స్టోర్ గొప్పతనం బొత్తిగా లేదనను. పంపు సీలు పోయిందన్నా, ఫిల్టరు గుంజుడు లేదన్నా అక్కడివాళ్ల చెయ్యి మంచిదే. ద్రవ క్లోరిన్, మ్యూరియాటిక్ యాసిడ్ కూడా అక్కడే దొరుకుతాయి. కాకపోతే వాటిని మనమే అడగాలి, మిషన్ తనంతట తాను వాటి పేరు ఎత్తదు.

బిళ్లలతో రెండు వేసవులు గడిపి, షాక్ పొట్లాలన్నీ తినిపించి, స్టెబిలైజర్ కొలతకే అందనంత పెరిగాక ఆ కొట్లోనే నిజాయితీగా ఒక మాట చెబుతారు. "సార్, నీళ్లు ముసలివైపోయాయి. తోడించేయండి." వేల గ్యాలన్లు వీధి పాలవుతాయి, కుళాయి నీళ్లకి బిల్లు కొత్తగా మొదలవుతుంది. కొత్తనీళ్లు నిండిన రోజున సీసా పట్టుకెళితే, మొదటిసారి స్టెబిలైజర్ సున్నా అని వస్తుంది. దాని ఎదుట మాత్రం సరుకు పేరు ఠంచనుగా ఉంటుంది. కొత్త పూల్ కిట్టట. అందులో స్టెబిలైజర్ డబ్బా ఒకటి, బిళ్లల బకెట్టు ఒకటి.