ముగ్గులోకి దిగిన తల్లిదండ్రులు

ఉమ్మడి గుంటూరు జిల్లాలో కోచింగ్ లేని విద్య లేదు. డీఎస్సీకి కోచింగ్, గ్రూప్స్‌కి కోచింగ్, నవోదయకైతే నాలుగో తరగతి నుంచే కోచింగ్. సర్కారు బడి బాగుపడాలని గట్టిగా అడిగే విద్యకి మాత్రం ఇంతవరకూ ఎవరూ బోర్డు కట్టలేదు. అడగడం మనకి పుట్టుకతోనే వచ్చిందని ధీమా కాబోలు. పెళ్లి పంక్తిలో రెండో స్వీటు అడగడానికి నిజంగానే శిక్షణ అక్కర్లేదు. ఎంఈవో గారిని రెండో టీచర్ని అడగాలంటేనే గొంతు తడారిపోతుంది.

చట్టం మాత్రం మనల్ని చాలా గొప్పగా ఊహించుకుంది. 2010 ఏప్రిల్ 1 నుంచి అమల్లో ఉన్న విద్యాహక్కు చట్టం 21వ సెక్షన్ ప్రకారం సర్కారు బడికి యాజమాన్య కమిటీ ఉండాలి. అందులో ముప్పావు వంతు తల్లిదండ్రులే. మొత్తం సభ్యుల్లో సగం ఆడవాళ్లు. బడి ఎలా నడుస్తోందో చూడటం, అభివృద్ధి ప్రణాళిక తయారుచేయడం, వచ్చిన గ్రాంటు ఎటు పోయిందో కనిపెట్టడం వాళ్ల పని. సర్కారు సాయం తీసుకోని ప్రైవేటు బడికి ఈ సెక్షన్ వర్తించదు. అంటే తెనాలిలో లక్షలు ఫీజు పోసే నాన్నగారు గేటు బయట నిలబడి వాచ్‌మన్‌ని బతిమాలుకోవాలి, ఫీజు కట్టని అమ్మకేమో చట్టం లోపల కుర్చీ వేసి పెట్టింది. చిత్రం ఏంటంటే, గేటు బయటాయన తానే యజమాని అనుకుంటున్నాడు. కుర్చీ ఉన్నావిడ గుమ్మం దగ్గరే చెప్పులు విప్పి, చేతులు కట్టుకుని నిలబడుతోంది.

ఈ బిడియం పోగొట్టడానికి ప్రభుత్వం చేసిన కృషిని తక్కువ చేయకూడదు. 2024 డిసెంబరు 7న రాష్ట్రమంతటా బడుల్లో ఒకేరోజు మెగా పేరెంట్ టీచర్ మీటింగ్ పెట్టారు. ముఖ్యమంత్రి, విద్యామంత్రి బాపట్ల మునిసిపల్ హైస్కూలుకే వచ్చారు. పిల్లల ప్రోగ్రెస్ తల్లిదండ్రులకు చూపించి, అందరూ కలిసి అన్నం తిన్నారు. మంచి పనే. ఆనాటి కార్యక్రమాల పట్టికలో తల్లులకు ముగ్గుల పోటీ, తండ్రులకు తాడు లాగుడు కూడా పెట్టారు. ఇదీ ముందుచూపంటే! చుక్కకీ చుక్కకీ లంకె కుదర్చడం వచ్చినావిడకి గ్రాంటుకీ ఖర్చుకీ లంకె చూడటం ఎంతసేపు? తాడు లాగినాయనకి ఫైలు లాగడం ఓ లెక్కా? తాడుకి అవతలి కొసన కూడా తల్లిదండ్రులనే నిలబెట్టడం ఒక్కటే లోపం. అటు ఖజానా శాఖనో, ఇంజనీరింగ్ విభాగాన్నో నిలబెడితే ఆట రక్తి కట్టేది.

కమిటీ ఎన్నికలకి ఎంచిన ముహూర్తం కూడా మెచ్చుకోదగ్గదే. 2024 ఆగస్టు 8, గురువారం. ఆగస్టంటే డెల్టాలో వరి పనులు ముమ్మరంగా సాగే రోజులు. చేలో దిగిన తల్లి కూలి పోగొట్టుకుని వచ్చి ప్రజాస్వామ్యానికి చేయెత్తాలి. ఆ చేతికి ఆ పూట డబ్బులు రావు. అంతకుముందు, బడులకి మరమ్మతులు చేసిన నాడు-నేడు రోజుల్లో ఈ కమిటీని తల్లిదండ్రుల కమిటీ అన్నారు, మళ్లీ యాజమాన్య కమిటీ అన్నారు. పేరు ఏదైనా సభ్యుల వృత్తి ఒక్కటే, సంతకం.

ఆ సంతకం ఎలా పడుతుందో కాస్త దగ్గరికి జరిగి చూద్దాం. ఊరి పేరెందుకు లెండి, ఏ ఊరికైనా సరిపోతుంది. తీర్మానాల పుస్తకంలో పైన తేదీ, కింద వరస నంబర్లు. మధ్యలో సగం పేజీ తెల్లగా ఉంది.

“ఇక్కడో సంతకం పెట్టమ్మా.”

“దేనికండీ మాస్టారూ?”

“మీటింగ్ జరిగినట్టు.”

“ఎప్పుడు జరిగిందండీ?”

“ఇప్పుడు జరుగుతున్నది మరేంటమ్మా?”

మాస్టారు దుర్మార్గుడేం కాదు. మరుగుదొడ్డి ఫొటో యాప్‌లో ఎక్కించాలి, కోడిగుడ్ల లెక్క ఎక్కించాలి, హాజరు ఎక్కించాలి. వీటి సందున ఐదో తరగతికి భాగహారం కూడా ఎక్కించాలి. తెల్ల పేజీ నింపే తీరిక ఆయనకి రాత్రిపూటగానీ దొరకదు.

అందుకే నేనో కోర్సు ప్రతిపాదిస్తున్నాను. ఫీజు లేదు, హాస్టల్ లేదు, ర్యాంకుల ఫ్లెక్సీ అసలే లేదు.

మొదటి విడత తెనాలిలో, చదవడం. చట్టం చివర షెడ్యూలు ఉంటుంది. ఐదో తరగతి దాకా ఉన్న బడిలో 60 మంది వరకూ పిల్లలుంటే ఇద్దరు టీచర్లు, 61 నుంచి 90 దాకా ముగ్గురు. ఆడపిల్లలకి వేరే మరుగుదొడ్డి, మంచినీళ్లు, ప్రహరీ. ఇది తల్లిదండ్రులకి కంఠతా రావాలి. పిల్లల చేత ఎక్కాలు అప్పజెప్పించుకునేవాళ్లు ఈ పాటి అప్పజెప్పలేరా?

రెండో విడత బాపట్లలో, లెక్కలు. బడికెళ్లే పిల్లల కోసం సర్కారు ఇచ్చే తల్లికి వందనం 15,000. తల్లి ఖాతాలో పడేది 13,000. మిగతా 2,000 బడి నిర్వహణకని పట్టుకుంటారు. అమ్మఒడి చివరి రోజుల్లోనూ ఇదే వరస. ప్రభుత్వం మారింది, పథకం పేరు మారింది, కోత మాత్రం మాట మీద నిలబడింది. వంద మంది పిల్లలకి లెక్క కట్టండి, 2 లక్షలు. అందులో మన బడి మరుగుదొడ్డి గడియ దాకా వచ్చిందెంత? ఈ లెక్కకి జవాబు పుస్తకం వెనక ఉండదు, అడిగి రాబట్టుకోవాలి.

మూడో విడత రేపల్లెలో, అర్జీ. అక్కడితో రైలు పట్టాలు అయిపోతాయి. అర్జీకి అలాంటి ఆఖరి స్టేషన్ ఉండదు, ఎక్కించినవాళ్లే వెంట వెళ్లాలి. నోటితో చెప్పింది గాలికి పోతుంది కాబట్టి కాగితం మీద రాయడం, రెండో కాపీ మీద ముద్ర వేయించుకోవడం, సోమవారం కలెక్టరేట్‌లో ఇచ్చి, పై సోమవారం ‘మొన్నటిది ఏమైందండీ’ అనడం. ఇందులో మొదటి రెండూ ఎవరికైనా వస్తాయి. మూడోది రావడానికే శిక్షణ.

అడిగితే ఒరిగేదేంటనే పెద్దమనుషులు ఉంటారు. 2022 జూన్‌లో 117 జీవో వచ్చింది. మూడు, నాలుగు, ఐదు తరగతుల్ని ఊళ్లో బడి నుంచి తీసి హైస్కూళ్లకు కలిపారు. తల్లులు రోడ్డెక్కారు, టీచర్ల సంఘాలు గొంతెత్తాయి. 2025లో ఆ జీవో రద్దయింది. మూడేళ్లు పట్టిందనుకోండి. అప్పటి మూడో తరగతి పిల్లలు ఈలోగా హైస్కూలుకి నిజంగానే ఎదిగిపోయారు.

అడగడం అలవాటైన చోట్లూ ఉన్నాయి. అమెరికాలోని షికాగోలో 1988 నాటి చట్టంతో ఏర్పడ్డ స్కూలు కౌన్సిళ్లలో తల్లిదండ్రులే ఎక్కువమంది, ప్రిన్సిపాల్ ఎంపికలోనూ వాళ్లదే పెద్ద మాట. అటువైపు స్థిరపడ్డ మనవాళ్లు పిల్లల బడి మీటింగ్ అంటే ఆఫీసుకి సెలవు పెట్టి మరీ వెళతారు. సంక్రాంతికి వస్తే తాము చదివిన బడికి ఫ్యాను ఇచ్చి, దాని రెక్క మీద పేరు రాయించి వెళతారు. ఫ్యానుతో పాటు ఒక గంట కూర్చుని, మీటింగ్‌లో ఎలా అడుగుతారో మన తల్లులకి చెబితే పోయేదేముంది? దాని మీద పేరు రాయించడం కుదరదు, అదొక్కటే ఇబ్బంది.

కోర్సు చివర పరీక్ష ఉంటుంది. ప్రశ్నపత్రం లీకయినా దిగుల్లేదు, ఇప్పుడే చెప్పేస్తున్నా. తీర్మానాల పుస్తకం తెరిచి, తెల్ల పేజీ చూపించి, సంతకం పెట్టమంటారు. పెట్టినవాళ్లు ఫెయిల్. “ముందు రాయండి మాస్టారూ, చదువుకుని పెడతా” అన్నవాళ్లు పాస్. చదవడం రాదా? “చదివి వినిపించండి” అన్నా డిస్టింక్షనే.