దానంతటదే మూసుకుపోయిందయ్యా!

గోదావరి జిల్లాల్లో ఏ రైస్ మిల్లుకెళ్ళినా, కంప్యూటరు సంగతి తనకొక్కడికే తెలుసని అందరిచేతా ఒప్పించుకున్న మనిషి ఒకాయన తగులుతాడు. మండపేట దగ్గర ఒక మిల్లులో ఆ మనిషి మా బావగారు. ధాన్యం బస్తాలు, గోనె సంచుల బాకీలు, లారీ కిరాయిలు అన్నీ అక్కడ ఒక యాక్సెస్ డేటాబేసులో ఉన్నాయి. దాన్ని రాసిపెట్టిన కుర్రాడు మస్కట్ వెళ్ళిపోయాడు. కోడు పాస్‌వర్డు కూడా అతనితోనే విమానం ఎక్కింది. అప్పట్నుంచీ ఆ ఫైలు బాగోగులు ఈయనవి. హైదరాబాదులో సాఫ్ట్‌వేరు ఉద్యోగం చేస్తున్న పాపానికి, ఈయన బాగోగులు నావి.

"దానంతటదే మూసుకుపోయిందయ్యా" అంటారు ఫోన్లో.

"ఏమన్నా మెసేజ్ వచ్చిందా బావగారూ?"

"ఏమీ రాలేదు."

"అసలేమీ రాలేదా?"

"ఏదో వచ్చింది. ఓకే కొట్టేశాను."

కాటా చీటీలో పది కిలోలు తేడా వస్తే లారీని గేటు దాటనివ్వని మనిషి. కరెంటు బిల్లు వెనకవైపు సన్న అక్షరాలు కూడా చదువుతారు. అలాంటాయన తెరమీద రెండు వాక్యాలు కనబడితే చాలు, మా అక్క చూడకముందే తుడిచేయాలన్నంత కంగారుగా ఓకే నొక్కేస్తారు. చదివితే తప్పు తన మీదికి వస్తుందని లోపలెక్కడో అనుమానం. ఇది ఈయనొక్కడి జబ్బు కాదు, ఈ జాతి మొత్తానిదీ.

కారణాలు మాత్రం ఎప్పుడూ సిద్ధం. మొట్టమొదటిది వైరస్. డేటాబేసు తెరవగానే పక్కనే అదే పేరుతో ఎల్‌డీబీ అనే బుల్లి ఫైలు పుడుతుంది. లోపల ఎవరెవరున్నారో రాసుకునే చిట్టా అది. అందరూ బయటికొస్తే అదే పోతుంది, మధ్యలో ప్రోగ్రాం పడిపోతే మిగిలిపోతుంది. బావగారు దాన్ని రోజూ చంపేవారు. "రక్తబీజుడయ్యా ఇది, తుడిచినకొద్దీ పుడుతోంది" అని మిల్లు యజమానికి చెప్పి, రెండు యాంటీవైరస్‌లు కొనిపించారు. అవి ఒకదాన్నొకటి అనుమానించుకుంటూ కూర్చున్నాయి.

యాక్సెస్ ఫైలు రెండు జీబీలకు మించి పెరగడానికి వీల్లేదని చెబితే ఆయనకు రోషం వచ్చింది. "వెయ్యి జీబీల డిస్కు కొన్నాం కదయ్యా, దానికేం రోగం?" పాత పార్టీలన్నిటినీ తీసేసి, "ఒక్క కేబీ తగ్గలేదు, నీ మాట తప్పు" అని విజయగర్వంతో ఫోన్ చేశారు. వరసలు తీసేసినా ఆ జాగా ఫైల్లోనే ఉండిపోతుందనీ, కాంపాక్ట్ అండ్ రిపేర్ చేస్తేగానీ తగ్గదనీ చెప్పాను. చేశారు. సగానికి సగం దిగింది. మా అక్కతో మాత్రం "మీ తమ్ముడికి తట్టలేదు, నేనే కనిపెట్టాను" అన్నారట.

అన్నిటికన్నా ప్రింటరు గొడవ ముచ్చటైనది. కొన్నాళ్ళు ఒక్క పార్టీ లెడ్జరు రిపోర్టు తెరిస్తేనే డేటాబేసు మూసుకుపోయేది. మొండి బాకీదారుడి లెడ్జరది. "వాడి పేరు ఎత్తితేనే అరిష్టం" అని బావగారు తేల్చేశారు. దసరాకు సీపీయూకి బొట్లు పెట్టి, ముందు నిమ్మకాయ కూడా కోశారు. నేను ఎనీడెస్క్‌లో ఆయన తెర చూస్తూ తక్కిన రిపోర్టులు కూడా తెరిపించాను. అన్నీ అలాగే పడిపోయాయి. ఆయన తెరిచి చూసేది ఆ బాకీదారుడిదొక్కటే కాబట్టి పాపం అతని నెత్తిన పడింది. రిపోర్టును పేజీలుగా సర్దడానికి యాక్సెస్ డిఫాల్ట్ ప్రింటరును అడుగుతుంది. అక్కడ డిఫాల్ట్‌గా ఉన్నది ఎప్పుడో పాతసామాన్లవాడికి అమ్మేసిన డాట్ మ్యాట్రిక్స్. దాని డ్రైవరు తీసేయించి పీడీఎఫ్‌ను డిఫాల్ట్ చేయించాను. రిపోర్టు చక్కగా తెరుచుకుంది. బావగారు నిమ్మకాయ వైపు తృప్తిగా చూశారు.

ఇంకోటి, వైఫై. ముగ్గురు గుమాస్తాలు ఒకే ఫైలును వైఫై మీద తెరిచి రాస్తుంటారు. సిగ్నల్ ఒక్క క్షణం తెగినా ఫైలు పాడవ్వొచ్చు, కేబుల్ లాగించండి బావగారూ, ఫారాలు ఎవరి కంప్యూటర్లో వాళ్ళకుంచి డేటా ఒక్కటే నడుమ పెట్టండి అని ఎన్నేళ్ళుగానో మొత్తుకుంటున్నాను. "ఆయ్, అలాగే" అంటారు. గోదావరి జిల్లాలో ఆ మాటకు అర్థం తెలిసినవాళ్ళకు నేను చెప్పక్కర్లేదు.

అయినా ఆయన మీద పూర్తిగా కోపం తెచ్చుకోలేను. మిల్లు కట్టేశాక, అందరినీ బయటికి పంపాక, ఫైలుకు రోజూ ఒక కాపీ తీస్తారు. ఆ ఫోల్డరులో 'ఫైనల్', 'ఫైనల్ కొత్తది', 'ఇదే అసలు', 'ముట్టుకోవద్దు', 'ముట్టుకోవద్దు 2' అని బారులు తీరి ఉంటాయి. వేళాకోళం చేసేవాణ్ణి. ఒక సంక్రాంతికి ముందు ఫైలు నిజంగానే పాడైతే, రిపేరుకు లొంగకపోతే, నేర్చిన విద్యలన్నీ నేను ప్రయోగిస్తుండగా ఆయన 'ముట్టుకోవద్దు 2' తెరిచి, ఆ పూట బస్తాలు చేత్తో ఎక్కించుకుని, నాకు ఫోన్ చేసి "పడుకోవయ్యా" అన్నారు.

ఈ మధ్య ఈవెంట్ వ్యూయర్ చూపించాను. ప్రోగ్రాం ఎప్పుడు పడిపోయింది, ఏ మాడ్యూలు దగ్గర పడింది అన్నీ విండోస్ రాసిపెడుతుంది, ఓకే కొట్టేసినా చెరగదు అని చెప్పాను. ఆయన కాసేపు మాట్లాడలేదు.

"అంటే పొద్దున సిస్టమ్ ఎప్పుడు ఆన్ చేశారో కూడా రాస్తుందా?"

"రాస్తుంది."

అప్పట్నుంచి రోజూ తెరుస్తున్నారు. కిందటి వారం ఆయనే పిలిచి చూపించారు. "చూడవయ్యా, తొమ్మిదింటికే వచ్చానన్నాడు మన ఆపరేటరు. 9:50కి ఆన్ చేశాడు."

"ఆ కింద వరసగా ఎర్ర గుర్తులేమిటి బావగారూ?"

"అవా? అవి యాక్సెస్‌వి. రోజూ ఉండేవేలే."