నన్ను పాడినవారు

నేను ఆంధ్ర క్రైస్తవ కీర్తనల పుస్తకమును. సైన్యమున కొలువు చేసి విశ్రాంతి గొన్నవారు ఇండ్లు కట్టుకొని నివసించుటచే ఆ పేరు దాల్చిన సికిందరాబాదు సైనిక్‌పురిలో, ఒక వృద్ధ సుబేదారుగారి ఇంట, బైబిలు గ్రంథము ప్రక్కన నా నివాసము. నా అట్ట మారినది. నా పుటల అంచులు పసుపువన్నె తిరిగినవి. అయినను సాయంకాలమున కుటుంబ ప్రార్థనవేళ నన్ను తెరవక ఆ ఇంట ఎవరును నిద్రకు పోరు. ఇంతటి దీర్ఘాయువు నాకు లభించుటకు కాగితపు గట్టిదనము కారణము కాదు. నన్ను ఒక చేతినుండి మరియొక చేతికి అందించినవారి విశ్వాసమే కారణము. వారిని స్మరించి నమస్కరించుటకే ఈ నా కథ చెప్పుచున్నాను.

నా పుటలలో కీర్తన శిరస్సున రాగమును, తాళమును, రచించిన భక్తుని నామమును ముద్రితములై యుండును. దూరదేశమునుండి వచ్చిన సువార్త పరాయిదిగా నిలిచిపోక, ఇంటి ఆడపడుచువలె తెలుగువారి లోగిళ్లలో చనువుగా మెలగుటకు ఆ రాగతాళములు ఎంతయో తోడ్పడినవి. ఆ నామములలో అగ్రగణ్యము పురుషోత్తమ చౌదరిగారిది. 1803లో పర్లాకిమిడి ప్రాంతమున బ్రాహ్మణ కుటుంబమున జన్మించి, ఒడియా, తెలుగు, సంస్కృత భాషలయందు పాండిత్యము గడించి, శ్రీకాకుళమున హెలెన్ నాట్ అను దొరసానివలన క్రీస్తు వార్త నెఱిగి, 1833లో కటకమున బాప్తిస్మము పొందిన ఆ మహనీయుడు, 1890లో పరమపదించునాటికి నూటికి పైబడిన కీర్తనలను మనకు ఒసగిపోయెను. చౌదరిగారి నామము నా పుటలందు కలదు; ఆ దొరసాని నామము లేదు. ఆమె ఇచ్చినది ఆయన పాటలోనికి వచ్చి చేరినది.

ఒంగోలు సీమ చరిత్రయు ఇట్టిదే. 1878 జూలై 3వ తేదీన గుండ్లకమ్మ ఒడ్డున వెల్లంపల్లి వద్ద 2,222 మంది ఒక్క దినమున బాప్తిస్మము పొందిన వృత్తాంతము చెప్పునప్పుడు జనులు మిషనరీ క్లౌ దొరగారిని తలంతురు, తలంపవలసినదే. కాని అంతకు పండ్రెండేండ్లకు పూర్వము, 1866లో, తాళ్లకొండపాడు మాదిగపేటకు చెందిన ఎఱ్ఱగుంట్ల పేరయ్య తాను బాప్తిస్మము పొంది, తోళ్ల వ్యాపారమువలన ఎరిగిన ఊళ్లకు మరల నడచి, భార్య నాగమ్మతో కూడి, తన బంధుజనమునకు తాను నమ్మిన సత్యమును చెప్పుకొనియుండనిచో, ఆ నదీతీరమున అంతమంది కూడియుందురా?

ఇక నా కథ. మదరాసులోని ఒక ముద్రణశాలలో పుట్టి, నేను మెతుకుసీమలోని ఒక బైబిలు స్త్రీ చేతికి చేరితిని. పోస్నెట్టు దొరగారి పూనికతో లేచి, 1924 డిసెంబరు 25న ప్రతిష్ఠింపబడిన మెదకు మహాదేవాలయపు నిర్మాణములో, కరవుకాలమున రాళ్లు మోసి, తిండిగింజలు కూలిగా తెచ్చి సంసారము నిలుపుకొన్నవాని కుమార్తె ఆమె. మిషను బడిలో నేర్చిన నాలుగక్షరములను ఆమె తనకై దాచుకొనలేదు. నాట్లకాలమున పొలము గట్టుపై నిలిచి పల్లవి తాను అని, బురదలో వంగిన స్త్రీలచే మరల అనిపించి, అక్షరమెరుగని కంఠములలో నన్ను నిలిపెను. వాదించి ఎవరిని గెలిచినది లేదు. జ్వరపడినవారి ఇంటికి గంజి కాచి తీసికొనిపోయి, ప్రార్థించి, ఒక పాట పాడి వచ్చెడిది. నన్ను పాడుట వేరు, నేను చెప్పినట్లు బ్రతుకుట వేరు. ఆమెయందు ఆ రెండును ఒకటై యుండుట చూచి, నాలోని మాటలకు అర్థమేమో నేనును గ్రహించితిని.

మనుమడు, నేటి ఈ సుబేదారుగారు, సైన్యమున చేరిన దినమున ఆమె నన్ను అతని ఇనుపపెట్టెలో ఉంచి, “బిడ్డా, తుపాకి సర్కారుది, పాట మనది, యాదుంచుకో” అని మాత్రము పలికెను. సరిహద్దు చలిలో నేను అతని దిండుక్రింద నుంటిని. ప్రాణస్నేహితుడు కన్నులయెదుట నేలకొరిగిన పిమ్మట అతడు నన్ను తెరచుట మానెను. దేవుడెక్కడ అను ప్రశ్న అతని పెదవులపై నిలిచెను. అప్పుడొక తమిళ హవల్దారు, తెలుగు రానివాడు, ఉపదేశమేమియు చేయక, రాత్రివేళల వచ్చి అతని చెంత కూర్చుండి, తన భాషలో మెల్లగా పాడుకొని పోవుచుండెను. కొన్నాళ్లకు నా పుటలు మరల తెరువబడినవి. ఆ హవల్దారు నన్ను ఒక్క అక్షరమైనను చదువలేదు. అయినను నన్ను బ్రతికించినవారిలో అతడొకడు.

ఇప్పుడు సుబేదారుగారి మనుమరాలు సెల్‌ఫోనులో కీర్తనలు విని స్వరము దిద్దుకొని, నాలో మాటలు సరిచూచుకొనుచున్నది. “తాతయ్యా, నీకెవరు నేర్పినారు?” అని ఆమె అడుగగా, ఆయన నా చివరి ఖాళీ పుటపై పేర్లు చెప్పి వ్రాయించెను: తన నాయనమ్మ, ఆ హవల్దారు, సండే స్కూలు టీచరమ్మ, తెల్లవారకమున్నే గుడి ఊడ్చి గంట కొట్టిన ముసలి కావలివాడు. మాకు సమీపమున బొల్లారములో విక్టోరియా రాణి స్వీయధనముతో నిర్మితమై 1847లో వెలసిన హోలీ ట్రినిటీ దేవాలయము కలదు. 1983 నవంబరు 20న, తన వివాహ వార్షికోత్సవ దినమున, ఎలిజబెత్ రాణి భర్తృసమేతముగా అందు ఆరాధించెను. రాణుల దానము కట్టడమై కనబడుచుండును గనుక మరపునకు రాదు. గంజి కాచి ఇచ్చిన అవ్వ దానము చెప్పువారు లేనిచో ఒక తరముతో మరుగుపడును. అందువలననే ఆ పుట నా పుటలన్నిటిలో నాకు మిక్కిలి ప్రియమైనది.

విశ్వాసము దేవుని వరమే. కాని ఆ వరము మనుష్యుల చేతులమీదుగా వచ్చును. అపొస్తలుడైన పౌలు తిమోతికి వ్రాసిన రెండవ పత్రికలో ఆ యువకుని విశ్వాసమును ప్రశంసించుచు, అతని అవ్వ లోయిని, తల్లి యునీకేను పేరు పేరున స్మరించెను. అంతటివాడు మరువనిదానిని మనము మరువదగునా? కావున, నన్ను చేతబట్టిన సోదరీ సోదరులారా, మీకు మొదటి ప్రార్థన నేర్పినవారెవరో, మీరు కూలిన దినమున చెంత కూర్చుండినవారెవరో జ్ఞప్తికి తెచ్చుకొనుడు. వారు సజీవులై యున్నయెడల ఈ వారమే వెళ్లి, వారి చేతులు పట్టుకొని కృతజ్ఞత చెప్పుడు. గతించియున్నయెడల వారి పేర్లను మీ బిడ్డలకు నేర్పుడు.