తుక్కమ్మ చెల్లెలు: ఒక వాక్యమునకు టీకా తాత్పర్యములు

అవతారిక.— గట్టు తగవు తీరునను నాశతో పెద్దపిల్లను పొరుగు చేనివారి యింటి కిచ్చి, తగవు తీరకపోగా పిల్లయు పుట్టింటికి వచ్చి కూర్చుండగా, ఆ యింటి చిన్నవానికే రెండవ పిల్లను గూడ ఇచ్చినచో ఎట్లుండునని, ఎ.కొండూరు అడ్డరోడ్డున టీకొట్టు బల్లమీద, తిరువూరు బస్సు వచ్చులోపల, ఇరువురు బావలు చేసిన విచారమున పెద్దబావ నోట వెలువడిన వాక్యమిది. వాక్యకర్తకు శాస్త్రపరిచయ మున్నట్లు తోచదు. ఉన్నచో ఇంత క్లుప్తముగా చెప్పియుండడు.

మూలము.— తుక్కమ్మకో చెల్లెలుంటే కొండపల్లి మన చెయ్యి జారేదా, బావా?

టీక.— తుక్కమ్మకు = ప్రతాపరుద్ర గజపతి కుమార్తెయు శ్రీకృష్ణదేవరాయల దేవేరియునైన యామెకు; ఓ చెల్లెలు = రాయలకు వరుసకు మరదలు; ఉంటే = ఉండిన యెడల; కొండపల్లి = ఆ పేరి దుర్గము, లక్షణచే కృష్ణ కుత్తరపు సీమ యెల్లను; మన = (వివాదాస్పదము, ముందు చూడనగును); చెయ్యి జారేదా = జారదని కాకువు; బావా = సంబోధనము, కాదనకుమని ధ్వని.

తాత్పర్యము.— మొదటి వియ్యము ఫలింపనిచో రెండవ వియ్యము ఫలించునని.

విశేషములు.— కొండపల్లి యనగా బొమ్మలని యర్థము చెప్పు బాలవ్యాఖ్యాతలు కొందఱు కలరు. తెల్లపొణికి కఱ్ఱతో చేసిన దశావతారముల పెట్టె చెయ్యి జారి పగిలెనని వారి యన్వయము. ఉపేక్ష్యము.

తుక్క యని, జగన్మోహిని యని, అన్నపూర్ణ యని ఈమెకు పేళ్లు పెక్కు. తండ్రి యోడిపోయిన యుద్ధము ముగింపున కూతురు పెండ్లికూతురైనది. రాయలు 1514లో ఉదయగిరిని, 1515లో కొండవీటిని పట్టి, గజపతి కొడుకు వీరభద్రుని బందీ చేసి, కృష్ణ దాటి కొండపల్లిని సాధించి, 1516లో సింహాచలమున శాసనము వేయించి, అంతటితో నాగక కటకము దిక్కునకు నడచినాడు. 1518 ప్రాంతమున సంధి కుదిరినది. సంధిలోని చమత్కారమును ఇచ్చట నిలిచి చూడవలెను. గెలిచినవాడు రాయలు, పిల్లను పుచ్చుకొన్నవాడును రాయలే, కాని కృష్ణ కుత్తరమున తాను గెలిచిన సీమ నంతటిని, కొండపల్లితో గూడ, మామగారికే తిరిగి యిచ్చివేసినాడు. మన సీమలో ఏ పెండ్లిపెద్ద నడిగినను అల్లునికి పొలము వ్రాయించిన కథలు చెప్పునే గాని, అల్లుడే మామకు కోటలు వ్రాసి యిచ్చిన కథ చెప్పడు. ఇది వరకట్నము కాదు. నిక్కముగా కన్యాశుల్కము, అదియును దుర్గరూపమున. నేటి ఎ.కొండూరు మండలమును కృష్ణ కుత్తరముననే యున్నది గనుక, ఈ యూళ్లును ఆ శుల్కములో ఒక చిల్లర పద్దుగా చెల్లిపోయినవని గ్రహింపవలెను.

కావున వాక్యమున తొలి దోషము పొడకట్టుచున్నది. కొండపల్లి రాయల చెయ్యి జారినది పెండ్లి కుదరకపోవుటచే కాదు, కుదురుటచేతనే. అక్కకు కృష్ణ మొదలు సింహాద్రి దాక పోగా, చెల్లెలికి కొండవీడును ఉదయగిరియు నిచ్చినగాని లెక్క సరిపడదు. రెండవ చెల్లెలు లేకుండుట విద్యానగరము పుణ్యము.

ఇక పెండ్లి ఫలించెనా యన్నచో, తొలిరేయి తుక్కమ్మ కత్తి దాచియుంచెనని చాటుకథ. కంభమున ఏకాంతవాసము చేసెననియు, గుండ్లకమ్మకు అడ్డుకట్టిన అచ్చటి మహాతటాకము గజపతుల యాడుబిడ్డ కట్టించినదే యనియు జనశ్రుతి. ఆమె పేర ఐదు సంస్కృత శ్లోకములు నిలిచియున్నవి. పెనిమిటి పట్టించుకొనని రాణికి చెఱువు కట్టింప ధనమును శ్లోకము చెప్ప తీరికయు దక్కినవన్నమాట. అడ్డరోడ్డు బావలు తలపెట్టిన సంబంధమున ఈ రెండును లేవు.

అయినను పూర్వపక్షి యూరకుండడు. "రెండవమాఱు ఇచ్చి చూడనే లేదు గదా, చూడకయే ఫలింపదన నెట్లు?" అనును. ఇచ్చి చూచినవారు కలరు; కాకున్న సీమాంతరమున. ఆస్ట్రియా రాజకుమార్తె మేరీ ఆంత్వానెత్‌ను 1770లో ఫ్రాన్సు యువరాజున కిచ్చిరి. 1793లో ప్రజలు ఆమె తల తీసిరి. అంతటితో ఆ దిక్కు సంబంధము వలదని యెవరైనను లెంపలు వేసికొందురు. ఆస్ట్రియావారు వేసికొనలేదు. 1809లో నెపోలియను వాగ్రామ్ కడ వారిని చితుకగొట్టి, సీమలు పెఱికికొని, కన్నబిడ్డలు లేరని తొలి భార్య జోసెఫీనుతో వియ్యమును త్రెంచుకొనగా, మరుసటియేటనే ఆ చచ్చిన రాణిగారి అన్న మనుమరాలు మేరీ లూయీని అతనికి కట్టబెట్టిరి. వియన్నాలో జరిగిన పెండ్లికి వరుడు రాలేదు. అతనికి బదులు పీటమీద నిలిచినవాడు వాగ్రామ్‌లో అతని చేత నోడిన సేనాని, పిల్లకు పినతండ్రియే! 1811లో మగపిల్లవాడు కలిగినాడు. 1813లో మామగారు అల్లునిపై యుద్ధము ప్రకటించినారు. అల్లు డెల్బా దీవికి పోగా కూతురు వెంట పోలేదు. పార్మా సంస్థానము పుచ్చుకొని సుఖముగా నున్నది. రాయలు భూమి నిచ్చి పిల్లను గొనె, నెపోలియను భూమిని పిల్లను రెంటిని గొనె; రెండు తెఱగులను మామ మామగానే మిగిలెను.

వ్యాకరణము.— "ఉంటే" యనునది చేదర్థకము. చరిత్రకారులకు ఇది నిషిద్ధము, టీకొట్టున విహితము.

అలంకారము.— సంభావన. ఇట్లయినచో అట్లగునని యూహించుట దీని లక్షణమని కువలయానందము చదివినవారికి తెలియును. అప్పయ్యదీక్షితులకు కొండపల్లి ఉదాహరణము తట్టకపోవుట మన దురదృష్టము.

"మన" శబ్దవిచారము.— కొండపల్లి గజపతులది, పిదప రాయలది, పిదప మరల గజపతులది, రాయలు గతించిన కొలది యేండ్లకు గోల్కొండ సుల్తాన్ కులీ కుతుబ్‌షాది. ఒక పురుషాంతరములో ఇందఱు పుచ్చుకొన్న కోటను "మన" యనుటలో వక్త ఎవరి పక్షము వహించెనో తేలదు. శిస్తు కట్టినవారి పక్షమైనచో చెయ్యి జారినది కోట కాదు, ధాన్యము. అప్పుడు ప్రతి రాజ్యమునను జారినదే. రాయల పక్షమని సంప్రదాయజ్ఞులు. సినిమా చూచినవారందఱు నట్లే యందురు గనుక మేమును దానినే గ్రహించితిమి.

ఇట్లు ఖండితమైనను పెద్దబావ వాక్యము నిలుచునా యన్నచో, నిలుచును. ఏలయన అతడు కొండపల్లిని తలచి పలుకలేదు, మూడడుగుల గట్టును తలచి పలికినాడు. ఆ కొలతకు గజపతుల సాక్ష్యము పెద్దదగుటయే దీని లోపము.

చిన్నబావ యుత్తరము: "సర్వేయర్ని పిలిపించు బావా." సుబోధము.