గూబదర్శి లక్షణం

బౌద్ధనగర్, వారాసిగూడ గల్లీలు దాటి తెల్లవారుజామున ఉస్మానియా విశ్వవిద్యాలయ ప్రాంగణంలోకి నడకకు వచ్చేవారిలో ఎక్కువమంది షుగరు వ్యాధిగ్రస్తులు, కొందరు పోటీ పరీక్షల అభ్యర్థులు కాగా, ఈ రెండు వర్గాల్లోనూ ఇమడని మూడో రకం మనిషి ఒకడు ఉంటాడు. మెడలో బైనాక్యులర్, నెత్తిన మంకీ క్యాపు, జేబులో తేమకు ఉబ్బిన నోటుపుస్తకం గల ఇతణ్ణి, శాస్త్రగ్రంథాల్లో వేరే పేరేదీ లేనందున, గూబదర్శి అనవచ్చు. ఉద్యోగ విరమణ చేసినవాడో, చేయబోతున్నవాడో అయిన ఇతడు జాతీయ పోషకాహార సంస్థ, ఐఐసీటీ, సీసీఎంబీ వంటి పరిశోధనాలయాల ప్రహరీల పక్కన ఏళ్ల తరబడి కాపురం ఉన్నందువల్ల, వాటి గేటు లోపల ఏనాడూ అడుగుపెట్టకపోయినా, ‘డేటా’, ‘శాంపిల్’ అనే మాటలను కూరగాయల బేరంలో సైతం అలవోకగా వాడుతుంటాడు.

ప్రాంగణంలో గుడ్లగూబలకు కొదవ లేదు. వాటిలో తరచుగా కనిపించేది పైడికంటె, అంటే సుమారు 21 సెంటీమీటర్ల పొడవు, గోధుమరంగు ఒళ్లు, తల నిండా తెల్లని చుక్కలు గల చిన్న గుడ్లగూబ. ఊళ్లలోనూ తోటల్లోనూ పాత చెట్ల తొర్రల్లో జంటగా కాపురం చేస్తూ, మనిషి కేసి తల పైకీ కిందికీ ఆడిస్తూ చూడటం దీని అలవాటు. అయితే అందరికీ కనిపించే పక్షిని చూడటం గూబదర్శి లెక్కలో అసలు చూడటమే కాదు. అతనికి కావలసింది అడవి పైడికంటె, ఆ పక్షి చరిత్ర తెలిసినవారు ఈ కోరికను పూర్తిగా తప్పుపట్టలేరు కూడా.

1872లో బ్లెవిట్ అనే అధికారి నేటి ఛత్తీస్‌గఢ్ ప్రాంతంలో సేకరించగా, మరుసటి ఏడాది హ్యూమ్ కొత్త జాతిగా వర్ణించిన ఈ పక్షి, 1884 తరువాత మరెవరి కంటా పడకపోవడంతో అంతరించిందనే పలువురు భావించారు. 1914లో గుజరాత్‌లో తాను దీన్ని సేకరించానని కల్నల్ మైనర్ట్‌జాగెన్ చెప్పుకున్నాడు గానీ, అది జేమ్స్ డేవిడ్సన్ అంతకు చాలా ముందే సేకరించిన నమూనా అనీ, కల్నల్‌గారు దాన్ని బ్రిటిష్ మ్యూజియం నుంచి దొంగిలించి, కుట్లు విప్పి మళ్లీ కుట్టి, కొత్త చీటీ తగిలించాడనీ తరువాత బయటపడింది. ఆ దొంగచీటీని పక్కనపెట్టి అసలు నమూనాల చీటీలను నమ్ముకుని వెతికిన పమేలా రాస్ముసెన్ బృందానికి 1997 నవంబరులో మహారాష్ట్రలోని షహాదా దగ్గర ఆ పక్షి పట్టపగలు చెట్టు మీద కూర్చుని కనిపించింది. నూటపదమూడేళ్లు దాక్కున్న పక్షి తార్నాకలో మాత్రం ఎందుకు దాక్కోకూడదన్నది గూబదర్శి వాదం; అది మధ్య భారతపు పొడి అడవుల పక్షి అని ఎవరైనా గుర్తు చేస్తే, అడవులు నరికేస్తే అది మాత్రం ఎక్కడికి పోతుందని ఎదురు ప్రశ్న వేస్తాడు.

ఈ రెండు పక్షులను విడదీసి చూపే ముఖ్యమైన గుర్తు నడినెత్తి: మామూలు పైడికంటెకు తల మీద చుక్కలు స్పష్టంగా ఉంటాయి, అడవి పైడికంటెకు దాదాపు ఉండవు. గూబదర్శి శాస్త్రమంతా ఈ గుర్తు మీదనే నిలబడి ఉంది. ఎందుకంటే అతడు చెట్టు కిందికి చేరేది సూర్యోదయానికి ముందు. ఆ వెలుతురులో ఏ గుడ్లగూబ తల మీదా చుక్కలు కనిపించవు గనుక, ఆ వేళ వాలిన ప్రతి పైడికంటే అడవి పైడికంటె అవుతుంది, పొద్దెక్కి చుక్కలు బయటపడే సమయానికి పరిశీలకుడు ఇడ్లీ బండి దగ్గర తన కనుగోలును వివరిస్తూ ఉంటాడు. ఇది అబద్ధం కాదు. కల్నల్‌తో పోలిస్తే గూబదర్శి నిప్పులాంటి మనిషి, ఆశ మాత్రమే ఒక పాలు ఎక్కువ.

చెట్టు కింద జరిగే సంభాషణ కూడా దాదాపు ఎప్పుడూ ఒకేలా ఉంటుంది. “గది పైడికంటె గాదా సార్, గా తొర్రల రోజు ఉంటది, నిన్న పిల్లలు గూడ బయటికొచ్చినయ్” అని కాపలాదారు చెబుతాడు. ఆ మాట శాస్త్రీయం కాదని గూబదర్శి దాన్ని పుస్తకంలో ఎక్కించడు. కలివికోడి అనే మరో కనుమరుగైన పక్షి 1986లో కడప జిల్లా లంకమలలో మళ్లీ బయటపడిందంటే, దాన్ని రాత్రివేళ టార్చిలైటు వెలుగులో పట్టుకున్నది ఐతన్న అనే స్థానికుడే అన్న సంగతి ఇతనికి కంఠతా వచ్చు, సభల్లో చెబుతాడు కూడా. కాపలాదారుకు ఆ ఉదాహరణ వర్తిస్తుందని మాత్రం తట్టదు.

తరువాతి ఘట్టం నమోదు. పక్షుల జాబితాలను సేకరించే ఈబర్డ్ వ్యవస్థలో అరుదైన జాతి పేరు ఎక్కించగానే, ఆ ప్రాంతపు పక్షులు బాగా తెలిసిన స్వచ్ఛంద సమీక్షకుడొకరు ఆధారాలు అడుగుతారు. గూబదర్శి పంపే ఛాయాచిత్రంలో వేపాకులు, ఒక కరెంటు తీగ, వాటి నడుమ నశ్యం రంగు మచ్చ ఒకటి ఉంటాయి. దీపావళి రోజుల్లో క్షుద్రపూజల కోసం గుడ్లగూబలను పట్టి అమ్మే దురాచారం, 1972 నాటి వన్యప్రాణి సంరక్షణ చట్టం ఉన్నా, పూర్తిగా పోలేదు. కాబట్టి చోటు రహస్యంగా ఉంచాలన్న జాగ్రత్త మెచ్చదగినదే. ఇతడు కూడా “స్థలం గోప్యం” అని రాసి, 1939లో ప్రారంభమైన ఆర్ట్స్ కాలేజీ కమాను నిండుగా కనిపించే ఫొటోను కాలనీ వాట్సాప్ గ్రూపులో పెడతాడు.

ఇంట్లో మాత్రం ఆదరణ కరువు. గుడ్లగూబ వాలితే ఇల్లు పాడుపెట్టాలనే నమ్మకం ఇంకా బతికి ఉన్న చోట, పక్షి బొమ్మను హాల్లో తగిలించే ప్రతిపాదన మొదటి కాఫీతోనే వీగిపోతుంది. “పొద్దున్నే దాని మొహం చూసొచ్చి, ఇప్పుడు నన్ను కూడా చూడమంటారేంటండీ?” అన్న ఇల్లాలి ప్రశ్నకు పక్షిశాస్త్రంలో జవాబు లేదు.

సమీక్షకుడి ప్రశ్నలకు గూబదర్శి కొన్ని వారాలు ఎదురొడ్డి నిలిచి, ఆపైన ‘గుడ్లగూబ, జాతి తెలియదు’ అనే మధ్యేమార్గానికి దిగి, చివరకు ఎవరూ చూడని ఒక రాత్రి దాన్ని పైడికంటెగా దిద్దుతాడు. ఇలా దిద్దిన నమోదులన్నీ పోగుపడి, ఒకే వేపచెట్టు తొర్రలో ఒకే జంట ఏ నెలలో గుడ్లు పొదిగిందో, పిల్లలు ఎప్పుడు గడప దాటాయో ఊహించేందుకు వీలైన వరుస ఒకటి తయారవుతుంది. 1931-32లో సలీం అలీ నిజాం రాజ్యమంతా తిరిగి పక్షులను నమోదు చేసిన నాటి నుంచి, 1980లో ఏర్పడిన ఆంధ్రప్రదేశ్ బర్డ్‌వాచర్స్ సొసైటీ సభ్యుల దాకా, ఈ నగరపు పక్షి పరిశీలకులు విలువ ఇచ్చింది ఇటువంటి మామూలు పక్షుల ఓపికైన లెక్కలకే. ఈ సంగతి చెప్పి ఏ పరిశోధక విద్యార్థినో “ఇంత మంచి రికార్డు ఇంకెవరి దగ్గరా లేదు సార్” అని అభినందిస్తే, గూబదర్శి తీవ్రంగా నొచ్చుకుని, మరుసటి ఆదివారం నుంచి చెట్టు మారుస్తాడు.