వెనక్కి పరుగెత్తిన పాతికేళ్లు

నా పుట్టుకకు కారణం ఒహాయో నది. సిన్సినాటిలో దాని ఒడ్డున కోనీ ఐలాండ్ అనే పార్కు ఉండేది. నదికి వరద వచ్చినప్పుడల్లా ఆటలన్నీ బురదపాలయ్యేవి. విసిగిపోయిన యజమానులు ఊరికి ఉత్తరాన మెరక నేల చూసుకుని కింగ్స్ ఐలాండ్ కట్టారు. పాత పార్కులోని షూటింగ్ స్టార్ అనే చెక్క రోలర్ కోస్టర్ పోయింది. దాని స్థానంలో 1972 ఏప్రిల్ 29న, కొత్త పార్కుతోపాటే నేను తెరుచుకున్నాను. పేరు రేసర్.

నన్ను గీసింది జాన్ అలెన్. పక్కపక్కనే రెండు పట్టాలు, వాటిపై పందెం కట్టే రెండు రైళ్లు, 88 అడుగుల ఎత్తు. పైదాకా గొలుసు లాగుతుంది. ఆ తర్వాత ఇంజనూ లేదు, మోటారూ లేదు, రైలు బరువే దాన్ని తోలుతుంది. అమెరికాలో చెక్క కోస్టర్ల కాలం చెల్లిందని అనుకుంటున్న రోజులవి. ఉన్నవి కూల్చేవాళ్లే గానీ కొత్తవి కట్టేవాళ్లు అరుదు. నా ముందు క్యూలు చూశాక మిగతా పార్కులకూ ఆశ పుట్టింది.

1973లో 'ది బ్రాడీ బంచ్' టీవీ సీరియల్ షూటింగ్ నా మీద జరిగింది. నటీనటులకు ఎదురుగా కెమెరా బిగించారు. ముందు ఖాళీ బండి తిప్పి చూడాల్సిందేనని రాబర్ట్ రీడ్ అనే నటుడు పట్టుబట్టాడట. తిప్పారు. కెమెరా ఊడొచ్చి సీట్ల మీద పడింది! నా కుదుపులకు అంత మర్యాద ఇచ్చినవాళ్లు అరుదు.

1979లో ఇదే పార్కులోకి 7,359 అడుగుల పొడవుతో బీస్ట్ అనే మరో చెక్క కోస్టర్ వచ్చింది. చూపులన్నీ అటు మళ్లాయి. 1982లో నా ఒకవైపు రైళ్లను వెనక్కి తిప్పారు. కుర్రకారుకు భలే నచ్చింది, కాదనను. పల్లం ఎప్పుడొస్తుందో కనబడకపోతే కేక రెట్టింపవుతుంది. కానీ పందెమంటే పక్క రైలువాడిని చూసి వెక్కిరించడం, చెయ్యి చాచి ఉడికించడం. ఒకడు ముందుకూ ఒకడు వెనక్కూ చూస్తుంటే ఇక పోటీ ఏముంటుంది?

2008లో నా రైళ్లు రెండూ మళ్లీ ముందుకు తిరిగాయి. వెనకటి సవారీ కోసం ఇప్పటికీ బెంగపడేవాళ్లున్నారు. నాకైతే ఆ బెంగ లేదు. గెలుపు గుట్టు అడుగుతారా? సాధారణంగా బరువైన రైలే ముందొస్తుంది. క్యూలో భారీకాయులు ఎటు నిలబడ్డారో చూసుకుని ఎక్కండి.