పదవి దిగిన లింకన్

డల్లాస్‌లో ఉద్యోగం దొరికిన తెలుగు కుర్రాడు మొదటి జీతం చేతికి రాగానే పాత కేమ్రీ కొంటాడు. కాస్త నిలదొక్కుకున్నాక కొత్త కేమ్రీ కొంటాడు. పిల్లలు పుడితే ఒడిస్సీ వ్యాన్ కొంటాడు. నలభై దాటాక టెస్లా కొని, అందులో కూర్చుని, కేమ్రీ అంతటి బండి లేదని చెబుతాడు. ఈ వరస తప్పినవాణ్ని వీకెండ్ విందుల్లో పులిహోర గిన్నె పక్కన నిలబెట్టి జాలిగా పలకరిస్తారు. నన్ను అలాగే పలకరిస్తున్నారు. నా దగ్గర 2004 నాటి లింకన్ టౌన్ కార్ ఉంది.

ఆ కారుని మీరు చూసే ఉంటారు. హాలీవుడ్ సినిమాలో విమానాశ్రయం బయట పెద్దమనిషి కోసం ఎదురుచూసే నల్లకారు అదే. సినిమా చివర ఆ పెద్దమనిషి అంత్యక్రియలకి వరసకట్టేదీ అదే. పొడవు దాదాపు 18 అడుగులు. మారుతి 800 పొడవు 11 అడుగులు. అంటే లింకన్ పక్కన మారుతిని నిలబెడితే, మారుతి వెనకాల ఓ బజాజ్ స్కూటర్‌కి కూడా చోటు మిగులుతుంది.

మా బావమరిది దాన్ని చూసి వేసిన మొదటి ప్రశ్న, "రీసేల్ ఎంత వస్తుంది బావా?"

"ఏమీ రాదు."

"మరెందుకు కొన్నావ్?"

"అందుకే కొన్నాను."

వాడికి అర్థం కాలేదు. రీసేల్ అనే మాట మన వాళ్ల నోట మంత్రంలా నానుతుంది గానీ, అది ఎవరికి లాభమో ఎవరూ ఆగి ఆలోచించరు. ధర పడిపోని కారు అమ్మేవాడికి వరం. కొనేవాడు మాత్రం మొదటి ఓనరు దర్జాకీ, మనశ్శాంతికీ కూడా కలిపి డబ్బు కడతాడు. టౌన్ కార్ కథ తిరగబడింది. 2004లో కొత్తది 40 వేల డాలర్ల పైమాటే. పదేళ్లు తిరక్కుండానే, మా వాళ్లు పిల్లాడి మొదటి పుట్టినరోజుకి హాలుకీ కేటరింగ్‌కీ పెట్టే డబ్బులో నాకు దొరికింది. దర్జా ఖర్చంతా ఇంకెవరో భరించేశారు, మెత్తటి సీట్లు నాకు మిగిలాయి. పదవి పోయిన మంత్రిగారిని చూశారా? పదవిలో ఉన్నన్నాళ్లూ గేటు దాటనివ్వరు. పోయాక ఆయనే మన ఇంటికొచ్చి, కుర్చీ లాక్కుని కూర్చుని, కాఫీలో చక్కెర తక్కువైనా బాగుందంటారు. పాత లగ్జరీ కారంత మర్యాద కొత్త లగ్జరీ కారుకి ఎక్కడిది?

ఈ కంపెనీ పుట్టుకలోనే పదవులు ఊడటం ఉంది. హెన్రీ లీలండ్ అని ఒకాయన, తుపాకుల కర్మాగారాల్లో పని నేర్చి, వెంట్రుకవాసి తేడా కూడా సహించని మెకానిక్. 1902లో హెన్రీ ఫోర్డ్ తన సొంత పేరు పెట్టుకున్న కంపెనీ నుంచి తగువు పడి బయటికి వచ్చేస్తే, మిగిలిన షేర్‌హోల్డర్లు యంత్రాలు అమ్మేద్దామని ధర కట్టమని లీలండ్‌ని పిలిచారు. ఆయన ధర కట్టి, అమ్మొద్దు, నా ఇంజన్ పెట్టి కార్లు చేయండి అన్నాడు. అలా కేడిలాక్ పుట్టింది. తర్వాత ఆ కేడిలాక్‌ని కొనేసిన జనరల్ మోటార్స్‌తో పొసగక, 1917లో, డెబ్బై దాటిన వయసులో, బయటికొచ్చి యుద్ధ విమానాల ఇంజన్ల కోసం ఇంకో కంపెనీ పెట్టాడు. తాను జీవితంలో తొలి ఓటు వేసింది అబ్రహాం లింకన్‌కి గనక ఆ పేరే పెట్టుకున్నాడు. యుద్ధం ముగిసింది, కార్లలోకి దిగాడు, దివాలా తీశాడు. 1922లో 80 లక్షల డాలర్లకి కంపెనీని కొన్నది ఎవరనుకున్నారు? ఆ హెన్రీ ఫోర్డే. కొన్ని నెలలకే లీలండ్‌ని బయటికి పంపించేశాడు. ఇరవై ఏళ్లు ఓపిక పట్టి తీర్చుకున్న కక్షో, వట్టి వ్యాపారమో నాకు తెలియదు గానీ, మన సీరియళ్ల రచయితలైతే దీన్ని వెయ్యి ఎపిసోడ్లు లాగేవాళ్లు.

తర్వాత లింకన్లు రాజకీయాల్లోకి వెళ్లాయి. రూజ్‌వెల్ట్ తిరిగింది లింకన్లో, కెనెడీ మీద కాల్పులు జరిగింది లింకన్లో. అది జరిగింది మా డల్లాస్‌లోనే. ఇంటికొచ్చిన చుట్టాలందరికీ ఆ రోడ్డు చూపించడం మా విధుల్లో ఒకటి.

టౌన్ కార్ అనేది మొదట్లో కాంటినెంటల్ మోడల్‌కి ఖరీదైన హంగుల పేరు. 1977 నాటి కాంటినెంటల్ అయితే పందొమ్మిదిన్నర అడుగుల పొడవు, 7.5 లీటర్ల ఇంజన్. అప్పటికే ఒక పెట్రోలు సంక్షోభం అయిపోయింది, జనరల్ మోటార్స్ భయపడి తన పెద్ద కార్లని కుదించేసింది. లింకన్‌కి మాత్రం ఆ వార్త ఆలస్యంగా అందింది. 1980లో కాస్త తగ్గి, 1981 నుంచి టౌన్ కార్ పేరుతోనే సొంత మోడల్ అయింది. 1980ల మధ్యలో జనరల్ మోటార్స్ తన కేడిలాక్, బ్యూక్, ఓల్డ్స్‌మొబైల్ కార్లని మరీ కవల పిల్లల్లా తయారు చేసింది. లింకన్ వాళ్లు ఒక టీవీ ప్రకటన తీశారు: విందు ముగించుకుని బయటికొచ్చిన శ్రీమంతులు, కార్లు తెచ్చే కుర్రాడి ముందు నిలబడి, ఏది ఎవరిదో తేల్చుకోలేక తికమకపడుతుంటారు. ఇంతలో ఒకాయన తన లింకన్ ఎక్కి హాయిగా వెళ్లిపోతాడు. కారు పెద్దదిగా ఉండటమే దాని గొప్ప అని అంత నిస్సిగ్గుగా చెప్పిన ప్రకటన నేను మరొకటి చూడలేదు.

1990లో ఒళ్లు గుండ్రంగా మార్చుకుని మోటార్ ట్రెండ్ పత్రిక ఇచ్చే ఆ ఏటి మేటి కారు బిరుదు పొందింది. మరుసటి ఏడాది 4.6 లీటర్ల వి8 ఇంజన్ వచ్చింది. చివరిదాకా అదే ఇంజన్.

ఇక నాలాంటివాళ్ల స్వార్థం సంగతి. ఈ కారు, అమెరికా పోలీసులు నడిపిన క్రౌన్ విక్టోరియా, టాక్సీలు, అన్నీ ఒకే అచ్చులో పోసినవి. లోపల తోలు సీట్లు, చెక్క ముక్కలు తీసేస్తే అస్థిపంజరం ఒక్కటే. దేశంలో ఏ మూల షెడ్డులోనైనా దీన్ని విప్పడం తెలిసిన మెకానిక్ ఉంటాడు, విడిభాగాలకి కరువు లేదు. పన్ను కట్టినందుకు పోలీసు శాఖ నుంచి నాకు నేరుగా అందిన మేలు ఇదొక్కటే.

పాత టౌన్ కార్లు రెండు రకాల ఇళ్ల నుంచి వస్తాయి. ఒకటి అద్దె కంపెనీలు, రెండు రిటైరైన ముసలివాళ్లు. అమ్మేవాడు ఏం చెప్పినా వినకుండా వెనక తలుపు తెరిచి చూడాలి. వెనక సీటు తోలు నలిగి, గడప దగ్గర గీతలుంటే అద్దెబండి. వెనక సీటు కొత్తగా మెరుస్తూ, డ్రైవర్ సీటు ఒక్కటే కుంగి ఉంటే అది తాతగారి కారు. ఆ తాతగారు దాన్ని చర్చికీ, గోల్ఫ్‌కీ, డాక్టర్ దగ్గరికీ తప్ప బయటికి తీసి ఉండడు. నాకు దొరికింది ఈ రెండో రకం. అమ్మిన పెద్దావిడ ఆయిల్ మార్చిన తేదీలన్నీ ఒక నోటు పుస్తకంలో రాసి పెట్టింది. అంత శ్రద్ధగా మా ఇంట్లో పాల లెక్క కూడా లేదు.

జబ్బులు లేవని నేననను. వెనక చక్రాలకి స్ప్రింగులకి బదులు గాలి సంచులుంటాయి. పాతబడితే అవి కారిపోయి, తెల్లారేసరికి కారు వెనక్కి చతికిలపడటం ఈ జాతికి తెలిసిన రోగమే. చాలామంది వాటిని పీకేసి మామూలు స్ప్రింగులు వేయించుకుంటారు. 1990ల చివరి ఇంజన్లలో ప్లాస్టిక్ మానిఫోల్డ్ పగిలేది. పెట్రోలు సంగతంటారా, 2011 మోడల్‌కి ప్రభుత్వం వారి లెక్కే ఊళ్లో గాలన్‌కి 16 మైళ్లు, హైవే మీద 24. ఈ అంకెలు మా ఆవిడ దగ్గర ఎత్తకండి.

ఆవిడ అభ్యంతరం అసలు వేరే. "ఏమండీ, మీరు ముందు కూర్చుని, నేను వెనక కూర్చుంటే అందరూ మిమ్మల్ని డ్రైవర్ అనుకుంటున్నారు. మనం పక్కపక్కన కూర్చుంటే నన్ను డ్రైవర్ భార్య అనుకుంటున్నారు." అందులో నిజం లేకపోలేదు. ఎయిర్‌పోర్టులో ఆగితే తెలియనివాళ్లు తలుపు తీసి ఎక్కేస్తారు. ఒకాయన సూట్‌కేసు నా చేతికిచ్చి, ఫోన్లో మాట్లాడుతూ వెనక సీట్లో సర్దుకుని, మాట్లాడటం అయ్యేదాకా నా మొహం చూడలేదు. దిగేటప్పుడు సీటు బాగుందన్నాడు.

మా అత్తగారూ మామగారూ తొలిసారి వచ్చిన రోజు మాత్రం కారు విలువ ఇంట్లో ఒక్కసారి పెరిగింది. తలా రెండు చొప్పున 23 కిలోల సూట్‌కేసులు నాలుగు, ఆవకాయ జాడీ విడిగా. కేమ్రీలో వచ్చిన బావమరిది తన డిక్కీ తెరిచి, రెండు పెట్టి, మూసుకోక, తీసి, తిప్పి పెట్టి, చెమటలు కక్కుతున్నాడు. నా డిక్కీలో నాలుగూ పడుకున్నాయి, జాడీ మధ్యలో కూర్చుంది. ముందు సీటు బెంచీ, గేరు స్టీరింగ్ పక్కనే, అచ్చం అంబాసిడర్ పద్ధతి. ముందు ముగ్గురం, వెనక ముగ్గురికి చోటు.

మామగారు ఆర్టీసీ డిపోలో ఫోర్‌మన్‌గా రిటైరయ్యారు. దారి పొడుగునా ఒక్క మాట మాట్లాడలేదు. చెవి ఒగ్గి ఇంజన్ వింటున్నారు. జెట్ లాగ్‌తో రాత్రి మూడింటికి మెలకువొచ్చి, లుంగీ పైకి కట్టి, టార్చి పట్టుకుని కారు కిందికి దూరారు. ఆ వీధిలో అలాంటి దృశ్యం అంతకుముందు లేదు. ఎవరో ఫోన్ చేసినట్టున్నారు, పోలీసు కారు వచ్చి ఆగింది. లైట్ల వెలుగుకి నేను లేచి పరిగెత్తేసరికి, పోలీసు గుమ్మం దగ్గర నిలబడి కారు కింద కాళ్లతో మాట్లాడుతున్నాడు. కాళ్ల నుంచి జవాబు వచ్చింది.

"అల్లుడుగారూ, దీనికి చాసిస్ ఉందండీ! లారీకున్నట్టు! విడి ఫ్రేము మీద బాడీ పెట్టి బిగించారు!"

నేను పోలీసుకి సంజాయిషీ చెబుతూ ఉండగా మామగారు బయటికొచ్చారు. ఆయన చూపు పోలీసు మీద నిలవలేదు. తిన్నగా అతని కారు దగ్గరికి నడిచి, వంగి, టార్చి వేసి, "ఇదీ అదే" అని తేల్చారు. అది క్రౌన్ విక్టోరియా. నేను ఇంగ్లీషులోకి తిప్పి చెప్పాను. పోలీసు నవ్వు ఆపుకుంటూ, ముసలాయన చెప్పింది నిజమేనన్నాడు. తర్వాత పావుగంట ఇద్దరూ రెండు బండ్ల మధ్య తిరిగారు. భాష రాకపోయినా, వేలితో చూపిస్తే అర్థం కానిది ఏదీ ఆ కార్లలో లేదు.

ఈ కార్లు మొదట మిచిగన్‌లోని విక్సమ్‌లో తయారయ్యేవి. 2007లో ఆ ఫ్యాక్టరీ మూసేస్తే కెనడాలోని సెయింట్ థామస్ దగ్గరికి తరలాయి. 2011 ఆగస్టులో ఆఖరి టౌన్ కార్ బయటికొచ్చింది. సెప్టెంబర్ 15న ఆఖరి క్రౌన్ విక్టోరియాతో ఆ ఫ్యాక్టరీ కూడా మూతపడింది. జంబో అని సర్కస్‌లో జగత్ప్రసిద్ధి పొందిన ఏనుగు రైలు గుద్ది చనిపోయింది కూడా సెయింట్ థామస్‌లోనే, 1885లో, అదే సెప్టెంబర్ 15న. పెద్ద శరీరాలకి ఆ ఊరు అచ్చిరాదు.

నిరుడు బావమరిదికి పెళ్లి కుదిరింది. ముహూర్తానికి వారం ముందు వచ్చి, గోడకేసి చూస్తూ, "బావా, ఆ రోజు నీ కారు..." అన్నాడు. పెళ్లికొడుకు కేమ్రీలోంచి దిగితే ఫొటోల్లో బాగుండదట. కేమ్రీకి చాలా రీసేల్ ఉంది కదరా అన్నాను. తల వంచుకున్నాడు. బంతిపూలు కట్టి, వాణ్ని వెనక కూర్చోబెట్టి, మామగారిని పట్టుపంచెతో నా పక్కన కూర్చోబెట్టుకుని హోటల్‌కి తీసుకెళ్లాను. గేటు దగ్గరున్న మనిషి కారుని చూశాడు, నన్ను చూశాడు, అద్దెకార్ల డ్రైవర్లు వెనక వైపు ఆగాలన్నాడు. పెళ్లికొడుకు కిటికీలోంచి తల బయటపెట్టి ఎంత మొత్తుకున్నా వినలేదు. చివరికి వాడే తలుపు తీసుకుని, మేళం ఉన్న వైపుకి పరిగెత్తాడు. ఫొటోగ్రాఫర్‌కి దొరికింది వాడి వీపే.

మేము వెనక్కి వెళ్లాం. అక్కడ పెద్ద లిమోజీన్ ఒకటి ఉంది, టౌన్ కార్‌ని నడిమికి కోసి, సాగదీసి అతికినది. దాని డ్రైవర్ ఒక పంజాబీ సర్దార్జీ, బానెట్ ఎత్తి పెట్టాడు. మామగారి నడక మారిపోయింది. నేను వారించేలోపే పట్టుపంచె ఎగదోపి, సర్దార్జీ ఇచ్చిన అట్టముక్క పరుచుకుని కిందికి దూరారు.

లోపల మైకులో పెళ్లికొడుకు తండ్రి ఎక్కడున్నా మండపానికి రావాలని పిలుస్తున్నారు. నా జేబులో ఫోన్ మోగుతోంది, అత్తగారు.

"ఫ్రేముని ఎక్కడ అతికారో దొరికిందండీ," అని కింద నుంచి మాట వినపడింది. "వెల్డింగ్ భలే చేశారు. రెండు నిమిషాలు ఆగమనండి."